మట్టి, రాగిరేకు రెండూ పట్టుకుని కోనసీమలో బతకవచ్చునా?

లంకమట్టి అడిగిన ప్రశ్న:

సభ్యులందరికీ నమస్కారం. మాది రాజోలుకు దగ్గరలో, వసిష్ఠ గోదావరి గట్టు కిందనున్న ఊరు. మా తాతగారు 74 ఏళ్ల వయసులో ఇప్పటికీ సారె ముందు కూర్చుంటున్నారు. మా నాన్నగారు ఆ పని వదిలిపెట్టి కొబ్బరికాయల వ్యాపారంలోకి వెళ్లారు. నేను లలితకళల్లో డిగ్రీ చేశాను. చివరి 2 సంవత్సరాలు ప్రింట్‌మేకింగ్, అంటే అచ్చుచిత్రాల పని, ప్రత్యేకాంశంగా తీసుకుని ఎచింగ్ (మైనం పూసిన రాగిరేకు మీద బొమ్మ గీరి, ఆమ్లంతో గీతలు తొలిచి, సిరా నింపి అచ్చుతీయడం), లినోకట్, వుడ్‌కట్ (లినోలియం మీద, చెక్క మీద చెక్కి అచ్చుతీయడం) నేర్చుకున్నాను. మట్టి పని విభాగం పక్క గదిలోనే ఉండేది కనుక ఖాళీ దొరికినప్పుడల్లా అక్కడికి వెళ్లి కూర్చునేదాన్ని. ఇప్పుడు ఇంటికి తిరిగి వచ్చి, పెరట్లో కుండలు కాల్చే పాత ఆవం ఉన్న చోటనే ఒక చిన్న స్టూడియో వేసుకుని, పాత్రలూ అచ్చుచిత్రాలూ చేసుకుంటూ బతకాలని ఉంది.

నాకు చదువు చెప్పిన ఒక గురువుగారు, ఏదో ఒకటి ఎంచుకోకపోతే రెండింటిలోనూ పైపైనే ఉండిపోతావని హెచ్చరించారు. అమ్మ అడుగుతున్నది వేరు. మట్టి పని వద్దనే కదా నిన్ను చదివించింది, మళ్లీ అక్కడికే వస్తావేమిటి అంటున్నది. ఈ రెండు మాటలకూ నా దగ్గర సరైన సమాధానం లేదు.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. చివరి సంవత్సరంలో మా తాతగారి మట్టిని బస్సులో మోసుకువెళ్లి, దానితో 6 గిన్నెలు చేసి, కళాశాలలోని కరెంటు బట్టీలో తోటివారి స్టోన్‌వేర్ పాత్రల (ఎక్కువ వేడిలో కాలి రాయిలా గట్టిపడేవి) మధ్య పెట్టాను. బట్టీ 1,220 డిగ్రీల సెంటీగ్రేడు దాకా వెళ్లింది. మర్నాడు తలుపు తీసేసరికి గిన్నెలు లేవు. వాటి స్థానంలో పాకం ముదిరిన బెల్లంలాగా నల్లగా మెరుస్తున్న మడుగు అర మీద గడ్డకట్టి ఉంది. అరపలక ఖరీదు నేను కట్టుకున్నాను. దానికంటే నన్ను బాధించినది, మీ ఊరి మట్టి ఇంతే అని అక్కడ ఒకరు అన్న మాట.

జీవితమంతా ఈ రెండు పనులూ చేసినవారు ఉన్నారా, ఉంటే వారికి జీవనం ఎలా గడిచింది, మన మట్టీ మన గాలిలోని తేమా ఈ పనులకు ఒదుగుతాయా అన్నది అనుభవజ్ఞులు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

పాతసారె రాసిన జవాబు:

అమ్మా, మీ ప్రశ్నలో ఆ 6 గిన్నెల దగ్గరే నేను ఆగిపోయాను. ముందుగా వాటి సంగతే చెబుతాను.

మీ తాతగారి మట్టి పాడైపోలేదు, గ్లేజ్ (పాత్ర మీద గాజులా మెరిసే పూత) అయింది. గోదావరి తెచ్చి పోసిన ఒండ్రులో ఇనుము ఎక్కువ. దానికి తోడు సున్నమూ క్షారాలూ ఉంటాయి. ఇవన్నీ వేడిలో మట్టిని తొందరగా కరిగించే పదార్థాలు. అందువల్ల ఆవంలో 700 నుంచి 900 డిగ్రీల మధ్య చక్కగా గట్టిపడి మోగే కుండ, 1,200 దాటేసరికి నిలువలేక కూలిపోతుంది. అదే మట్టిని నీళ్లలో కలిపి, సన్నని జల్లెడలో వడగట్టి, స్టోన్‌వేర్ పాత్ర మీద పలుచగా పూసి 1,260 దాకా కాల్చి చూడండి. ముదురు గోధుమ నుంచి నలుపు దాకా, అంచుల దగ్గర తుప్పురంగుకు తిరిగే పూత వస్తుంది. అమెరికాలో హడ్సన్ నది పక్కనున్న ఆల్బనీ దగ్గర తవ్విన మట్టిని 19వ శతాబ్దపు కుమ్మరులు జాడీల లోపలి పూతగా సరిగ్గా ఇలాగే వాడారు. నా స్టూడియోలో నేను 20 ఏళ్లుగా వాడుతున్న నల్ల గ్లేజ్‌లో సగం పైగా ముక్తేశ్వరం రేవు దగ్గరి మట్టే. కాబట్టి మీ ఊరి మట్టి ఇంతే అన్నవారికి, మా ఊరి మట్టి ఇంత అని చూపించే రోజు మీకు తప్పక వస్తుంది.

పాత్ర నిలబడడానికి వేరే మట్టి కావాలి. అదీ దూరాన లేదు. ద్వారకా తిరుమల ప్రాంతంలో బాల్ క్లే అనే జిగురుమట్టి దొరుకుతుంది, గూడూరు వైపు నుంచి ఫెల్స్పార్, క్వార్ట్జ్ అనే రాతిపొడులు వస్తాయి. ఇక మన రైసుమిల్లుల వెనుక గుట్టలుగా పడి ఉండే ఊక బూడిదలో 85 నుంచి 95 శాతం దాకా గాజుకు మూలమైన సిలికాయే ఉంటుంది. జపాన్‌లో షోజి హమదా వంటి కుమ్మరులు పాలమీగడ రంగులో వాడిన తెల్లని గ్లేజ్‌కు ఆధారం వరి ఊక బూడిదే. నేను మొదటిసారి మిల్లు బూడిదతో ఆ తెలుపు తీసుకువచ్చినప్పుడు, ఇంతకాలం రైలు పార్సిల్లో గ్లేజ్ పొడులు తెప్పించుకున్నందుకు మనసు చివుక్కుమన్నది. ఒక్క జాగ్రత్త మాత్రం మరవకండి. ఆ బూడిదనూ క్వార్ట్జ్ పొడినీ ముక్కుకు మంచి మాస్కు లేకుండా ముట్టుకోవద్దు, పొడిగా ఊడ్వనే ఊడ్వవద్దు, తడిగుడ్డతోనే తుడవండి. ఊపిరితిత్తుల్లో చేరిన సిలికా తిరిగి బయటికి రాదు.

ఇక మీ గురువుగారి హెచ్చరిక. 20వ శతాబ్దపు స్టూడియో కుండల చరిత్రలో ముందుగా చెప్పుకునే బెర్నార్డ్ లీచ్, మట్టి ముట్టుకోకముందు ఎచింగ్ చేసేవాడు. లండన్‌లో చిత్రకారుడు ఫ్రాంక్ బ్రాంగ్విన్ దగ్గర ఆ పని నేర్చుకుని, 1909లో ఎచింగ్ ప్రెస్సును వెంటబెట్టుకుని జపాన్ వెళ్లాడు. అక్కడి యువకులకు అది నేర్పుతూ బతకాలన్నది ఆయన ఆలోచన. 1911లో కొందరు మిత్రులు కూడిన చోట, అతిథులు పాత్రల మీద బొమ్మలు వేస్తే అప్పటికప్పుడు చిన్న బట్టీలో కాల్చి ఇచ్చే రాకు వేడుక జరిగింది. తన చేతి బొమ్మ కళ్లెదుటే నిప్పులోకి వెళ్లి గాజు మెరుపుతో బయటికి రావడం చూసి ఆయన కుమ్మరి అయ్యాడు. ఆరవ కెంజాన్ అనే వృద్ధ కుమ్మరి దగ్గర శిష్యరికం చేసి, 1920లో హమదాతో కలిసి ఇంగ్లండులోని సెయింట్ ఐవ్స్‌లో కుండల శాల పెట్టాడు. ఆయన పళ్లేల మీది గీతను నిదానంగా చూడండి. పచ్చి పూతను సూదితో గీరి లోపలి రంగును బయటపెట్టే ఆ చేయి, రాగిరేకు మీద మైనాన్ని గీరిన చేయే. ఒక పని రెండో పనిని పైపైన ఉంచలేదు, లోతు పెంచింది. ఆ వేడుకకు ఆయనతో వెళ్లిన తొమిమోతో కెంకిచి కూడా చెక్క అచ్చులు చేసినవాడే. తరువాతి కాలంలో పింగాణీలో ఆరితేరి, 1955లో జపాన్ ప్రభుత్వం నుంచి సజీవ జాతీయ సంపద అన్న గౌరవం పొందాడు.

మన దేశంలో ఉదాహరణలకు కొదవ లేదు. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన లక్ష్మాగౌడ్ గారు బరోడాలో ప్రింట్‌మేకింగ్ చదివారు. ఎచింగుల్లో పల్లె మనుషులనూ మేకలనూ చెట్లనూ గీసిన అదే గీతతో టెర్రకోట అనే కాల్చిన మట్టి పనిలోకి వెళ్లారు. ఆయనకు 2016లో పద్మశ్రీ వచ్చింది. బరోడాలోనే జ్యోత్స్నా భట్, జ్యోతి భట్ దంపతులది ఇంకొక దారి. ఆమె మట్టి, ఆయన అచ్చు. ఆమె సుమారు 3 దశాబ్దాలు అక్కడి విశ్వవిద్యాలయంలో మట్టి పని నేర్పుతూ, పిల్లులనూ పక్షులనూ తామర మొగ్గలనూ మెరుపు తగ్గించిన గ్లేజుల్లో చేసి, 2020లో కన్నుమూశారు. ఆయన అచ్చుచిత్రాలు చేస్తూనే పల్లెగోడల బొమ్మలనూ ముగ్గులనూ దశాబ్దాల తరబడి ఫోటోలు తీశారు. ఒకే ఇంట్లో రెండు పనులు ఒకదానికొకటి నీడనివ్వడం అక్కడ చూస్తాము.

చిత్తూరు జిల్లాలో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి గారిని ప్రత్యేకంగా చూడమని నా మనవి. శాంతినికేతన్‌లో చదివి, శిల్పిగా తయారై, పారిస్‌లో హేటర్ నడిపిన అటెలియే 17 అనే అచ్చుచిత్రాల కార్యశాలలో చేరి, ఒకే రేకు మీద ఒకేసారి అనేక రంగులు అచ్చువేసే పద్ధతిని రూపొందించినవారిలో ముఖ్యుడయ్యారు. సిరాలో నూనె పాళ్లు మార్చితే, పలుచని సిరా పరచిన చోట చిక్కని సిరా అంటదు. మెత్తని రోలరు రేకు లోతులకు దిగుతుంది, గట్టి రోలరు మిట్టల మీదనే ఆగుతుంది. దీనికోసం ఆయన రేకును శిల్పంలాగా అంతస్తులుగా తవ్వారు. మట్టి తెలిసిన చేతికి ఆ రేకు చాలా దగ్గరి వస్తువు. నేను ఆయన అచ్చును మొదటిసారి చూసినప్పుడు, కాగితం మీద ఉబ్బిన గీతను వేలితో తడమాలన్న కోరికను ఆపుకోవడానికి చేతులు వెనక్కి కట్టుకున్నాను.

ఇప్పుడు మన తేమ గురించి. నేను చెప్పదలచుకున్న అసలు మాట ఇక్కడే ఉంది. మీరు రెండు పనులను ఒకే రోజులో పక్కపక్కన పెట్టి ఆలోచిస్తున్నారు. వాటిని సంవత్సరంలో పెట్టి చూడండి. మన డెల్టాలో ఆషాఢం నుంచి కార్తికం దాకా మట్టి ఆరదు. సారె మీంచి దింపిన కప్పు వేసవిలో ఒక పూటలో చెక్కడానికి వస్తుంది. శ్రావణంలో 4 రోజులైనా వేలు దిగుతుంది. ఆరలేదని తొందరపడి బట్టీలో పెడితే, లోపలి నీరు ఆవిరై పాత్రను పగలగొడుతుంది. మొదటి 5 సంవత్సరాలు నేను ఈ నెలల్లో మట్టితో పోట్లాడి పాత్రలూ గ్యాసు సిలిండర్లూ పోగొట్టుకున్నాను. ఎచింగ్‌కు కావలసిన కాగితమో, తడిగానే ఉండాలి. నానబెట్టి, అద్దుడు కాగితాల మధ్య పేర్చి, చెమ్మ సమంగా పట్టాక ప్రెస్సు కింద పెడితేనే అది మెత్తబడి రేకు గీతల్లోకి దిగి సిరాను తీసుకుంటుంది. వేసవిలో వడగాడ్పు వీస్తున్నప్పుడు ఆ చెమ్మ నిలబెట్టడానికి తడిగుడ్డలతో నానా అవస్థ పడాలి. వానాకాలంలో అది తనంతట తానే నిలుస్తుంది. ఇది గ్రహించాక నా సంవత్సరం రెండుగా చీలింది. వానల్లో రేకు, కాగితం. సంక్రాంతి నుంచి వైశాఖం దాకా మట్టి, నిప్పు. దాళ్వా (రెండో పంట) కోతలయ్యాక కాలువలు కట్టేసినప్పుడు అడుగు మట్టి తీయడం, నానబెట్టడం, ఏడాదికి సరిపడా నిల్వ చేసుకోవడం. ఈ లెక్క నేను కనిపెట్టినది కాదు. మీ తాతగారిని అడిగితే వారి ఏడాది కూడా ఇలాగే నడిచిందని చెబుతారు, వానాకాలంలో వారి చేతికి రేకు లేదు, అంతే తేడా.

వానాకాలపు అచ్చుపనిలో ఉన్న శత్రువు బూజు. నానబెట్టిన కాగితాల కట్టను రెండు రోజులకు మించి ఉంచకండి. పూర్తయిన అచ్చులను గోడకు ఆనించి పెట్టకండి.

జీవనం ఎలా గడిచిందని అడిగారు. మొదటి 6 సంవత్సరాలు గడవలేదు. ఒక పాఠశాలలో చిత్రలేఖనం చెప్పి నెట్టుకొచ్చాను. తరువాత కప్పులు, గిన్నెలు, పళ్లేలు నెలనెలా ఇల్లు నడిపాయి; అచ్చులు ఏడాదికి రెండు మూడుసార్లు ఒక్కసారిగా డబ్బు తెచ్చాయి. లీచ్ వంటివాని శాల కూడా ఏళ్ల తరబడి అప్పుల్లో నడిచి, 1930ల చివరి నుంచి రోజువారీ వాడుకకు పనికివచ్చే పాత్రలను ఒక జట్టుతో క్రమంగా చేయించడం మొదలుపెట్టాకనే నిలదొక్కుకున్నది. వాడుక పాత్రను చిన్నచూపు చూసే సలహా ఎవరిచ్చినా తీసుకోకండి. అచ్చుల్లో మాత్రం నియమం తప్పకండి. 25 ప్రతులని ప్రకటిస్తే 25 మాత్రమే వేసి, ప్రతిదాని కింద పెన్సిలుతో అంకె వేసి సంతకం చేసి, రేకు మీద అడ్డగీత గీసేయండి. కొన్నవారి నమ్మకమే ఈ వృత్తికి పెట్టుబడి.

2022 జూలై వరదలో మా షెడ్డులోకి నడుము లోతు నీరు వచ్చింది. కాల్చకుండా అరల మీద ఉంచిన 80 పైచిలుకు పాత్రలు ఏ గిన్నె ఎక్కడున్నదో తెలియకుండా మళ్లీ మట్టయిపోయాయి. కాగితమంతా పోయింది. కాల్చిన పాత్రలు బురదలోంచి తీసి కడిగితే యథాతథంగా ఉన్నాయి. రాగిరేకులకు పచ్చని చిలుము పట్టింది. ఇంట్లో చెంబులు తోమినట్లే చింతపండు పులుసుతో మెత్తగా రుద్ది, ఆరబెట్టి, ఆ భాద్రపదంలో వాటితోనే మళ్లీ అచ్చువేశాను. అప్పటి నుంచి కాగితం అటక మీద, పచ్చి కుండలు నడుము కంటే పైన, రేకులు ఎక్కడైనా సరే అన్నది మా ఇంటి నియమం. మీరు గట్టు కిందనే స్టూడియో వేస్తానంటున్నారు కనుక అరల ఎత్తును ముందే ఆలోచించుకోండి.

పూతకుండ రాసిన జవాబు:

నమస్కారమండి. నేను ఆత్రేయపురానికి దగ్గరలో కుండలు చేసేవాణ్ణి. చదువు పదో తరగతి వరకే సాగింది కాబట్టి పై జవాబులోని విదేశాల పేర్లు నాకు కొత్త. ఒక్క మాట మాత్రం నేను ఒప్పుకోలేకపోతున్నాను. మన మట్టిని పై పూతగా వాడుకుని, పాత్రకు వేరే మట్టి తెచ్చుకోవాలన్నట్లు అక్కడ రాశారు. అది ఎక్కువ వేడి పాత్రలకు నిజమే కావచ్చును. కానీ ఈ మట్టి తక్కువ వేడిలో చేసే పని ఆ గట్టి పాత్ర చేయలేదు.

పూతరేకుల కుండ సంగతే తీసుకోండి. ఆ కుండను బోర్లించి, కింద కొబ్బరాకు మంట పెట్టి, వేడెక్కిన అడుగు మీద బియ్యపు పాలలో ముంచిన గుడ్డను ఒక్కసారి లాగితే రెప్పపాటులో కాగితం కంటే పలుచని రేకు లేస్తుంది. ఆ మంట ఒక్కసారిగా ఎగసి ఒక్కసారిగా తగ్గుతుంది. పైన చల్లని తడిగుడ్డ పడుతూ ఉంటుంది. మీరు చెప్పే స్టోన్‌వేర్ పాత్రను అక్కడ పెడితే మొదటి గంటలోనే చిట్లుతుంది. మా కుండ సన్నని రంధ్రాలతో గుల్లగా ఉంటుంది కనుకనే ఆ వేడీ ఆ చల్లదనమూ ఓర్చుకుంటుంది. దాని అడుగు ఒకే మందంలో ఉండాలి. ఒక చోట పలుచనైతే రేకు అక్కడ మాడుతుంది, ఒక్క ఇసుక రేణువు పైకి తేలినా రేకు అక్కడ చిరుగుతుంది. అందుకే ఆరేటప్పుడు నున్నని రాయితో గంటలకొద్దీ మెరుగుపెడతాము. కొనడానికి వచ్చే ఆడవాళ్లు ధర అడగడానికి ముందు కుండను చంకకెత్తుకుని వేలితో నాలుగు చోట్ల కొట్టి వింటారు. నాలుగు చోట్లా ఒకే మోత వస్తేనే డబ్బు తీస్తారు. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు, ఆ కుండ కూడా అందులో ఉన్నదని నేను సంతోషించాను.

అమ్మాయీ, మీ అమ్మగారి మాటను తోసిపుచ్చకు. ఆవం పేర్చాక అకాల వాన పడి నెల రోజుల కష్టం నీరైపోవడం, నలభై ఏళ్లకే నడుము పట్టేయడం, పెళ్లిచూపుల్లో కుమ్మరి పని అనగానే అవతలివారి ముఖం మారడం, ఇవన్నీ చూసిన తల్లి అలాగే అంటుంది. కుమ్మరికి ఒక ఏడు, గుదియకు (దుడ్డుకర్రకు) ఒక పెట్టు అన్న సామెతను మేము సామెతగా వాడము, లెక్కగా వాడతాము. నువ్వు నీ కప్పు అడుగున సంతకం చేసి అమ్ముతావు. మీ తాతగారు 60 ఏళ్లలో చేసిన కుండల్లో ఒక్కదాని మీద కూడా ఆయన పేరు లేదు. డజన్ల లెక్కన వెళ్లిపోయాయి. ఈ తేడా నాకు బాధగా ఉంటుంది. నీ స్టూడియోలో మొదటి బట్టీ కాల్చినప్పుడు మీ తాతగారి చేతి పాత్రలు కొన్ని పెట్టి, వాటి అడుగున ఆయన చేత గోటితోనైనా ఒక గుర్తు పెట్టించు.

ఇంకొకటి. అచ్చు అనేది నువ్వు కళాశాలలో కొత్తగా నేర్చుకున్నది కాదు. మా తాత కాలపు తట్టుడు చెక్క మా ఇంట్లో ఉంది. దాని ముఖం మీద అడ్డదిడ్డంగా గాట్లు ఉంటాయి. దానితో పచ్చి కుండను తట్టితే ఆ గాట్లన్నీ తిరగబడి కుండ ఒంటి మీద పడతాయి. మీ ఇంటి అటక మీద కూడా అటువంటిది ఉండే ఉంటుంది, వెతుకు.

లంకమట్టి తిరిగి రాసినది:

ఇద్దరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. పై జవాబులు రెండూ మా తాతగారికి చదివి వినిపించాను. అమ్మ వంటింట్లోంచే విన్నది, ఏమీ అనలేదు. చెక్క అటక మీద దొరకలేదు. మా తాతగారు తన మంచం కింది నుంచి తీసి ఇచ్చారు. దాని మీద సిరా పూసి కాగితం మీద ఒత్తి చూశాను. చేపపొలుసుల వంటి వరుసలు పడ్డాయి, మధ్యలో ఒక చోట మాత్రం ఖాళీ వచ్చింది. అక్కడ చెక్క అరిగిపోయింది.

మరో రెండు సందేహాలున్నాయి. మా పెరటి మట్టితో చేసి కాల్చిన మూకుళ్ల మీద వారం తరువాత తెల్లని చుక్క కనిపించి, దాని చుట్టూ గోరంత పెచ్చు తనంతట తానే ఊడిపోతోంది. రెండవది, కళాశాలలో రేకును నైట్రిక్ ఆమ్లంలో వేసేవాళ్లము. ఇంటి దగ్గర అది పెట్టుకోవడానికి భయంగా ఉంది, చుట్టూ చేపల చెరువులున్నాయి.

మైలుతుత్తం రాసిన జవాబు:

నేను భీమవరంలో రసాయనశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి. ప్రింట్‌మేకింగ్ చేసే మా అమ్మాయి కోసం ఈ విషయాలు కొంత చదివి, ఇంట్లో చేసి చూశాను.

ఆ తెల్లని చుక్క సున్నం. మన తీరపు మట్టిలో నత్తగుల్లల ముక్కలు కలిసి ఉంటాయి. సుమారు 850 డిగ్రీల దగ్గర గుల్ల పొడిసున్నంగా మారి పాత్ర గోడలో దాక్కుంటుంది. బయటికి తీశాక గాలిలోని చెమ్మను మెల్లగా పీల్చుకుని తడిసున్నమై ఉబ్బుతుంది, పైనున్న పొరను నెట్టివేస్తుంది. మట్టిని నీళ్లలో పలుచగా కలిపి సన్నని జల్లెడలో వడగట్టితే పెద్ద ముక్కలు పోతాయి. మిగిలిన నలకలు అంత హాని చేయవు. ఆవం నుంచి తీసిన మూకుళ్లను చల్లారగానే నీటిలో పూర్తిగా ముంచి నానబెట్టడం కూడా మేలు చేస్తుంది, ఇటుకల బట్టీల్లో ఈ పద్ధతి తెలిసినదే.

నైట్రిక్ ఆమ్లం గురించిన మీ భయం సరైనదే. రాగితో కలిసినప్పుడు లేచే ఎర్రని పొగ ఊపిరితిత్తులను కాల్చివేస్తుంది, దాని ప్రభావం కొన్ని గంటల తరువాత బయటపడడం మరింత ప్రమాదం. రాగికి ఫెర్రిక్ క్లోరైడు వాడండి. ఎలక్ట్రానిక్ సామాన్ల దుకాణాల్లో దొరుకుతుంది, పొగ ఉండదు. గీతల్లో మడ్డి పేరుకోకుండా రేకును బోర్లించి గానీ నిలువుగా గానీ ముంచాలి. రాగి ఖరీదు భరించలేకపోతే జింకు రేకు తీసుకోండి. దానికి మన కొబ్బరి, తమలపాకు రైతులు తెగుళ్లకు కొట్టే బోర్డో మిశ్రమానికి వాడే మైలుతుత్తమూ (కాపర్ సల్ఫేటు) వంట ఉప్పూ నీటిలో కలిపితే చాలును. మైనం తొలగిన ప్రతి గీతలోనూ జింకు కరిగి, ఎర్రని రాగి పొడి నాచులాగా పైకి తేలుతుంది. దాన్ని కోడి ఈకతో మెల్లగా తోసివేస్తూ ఉండాలి. మా అమ్మాయి మొదటిసారి చేసినప్పుడు ఆ ఈక కొసకు రాగి పొడి అంటుకుని మెరవడం నాకింకా కళ్లకు కట్టినట్లున్నది.

అయితే మైలుతుత్తం ఆమ్లం కాదు గదా అని ఆ నీటిని కాలువలో పారబోయవద్దు. రాగి చాలా కొద్ది మోతాదులోనే చేపకూ రొయ్యకూ విషం. వాడిపోయిన ద్రావణంలో, ఫెర్రిక్ క్లోరైడులో కూడా, నురుగు ఆగేదాకా కొంచెం కొంచెంగా బట్టల సోడా కలపండి. లోహాలు ముద్దగా అడుగుకు దిగుతాయి. పైనీరు తేటపడ్డాక గుడ్డలో వడగట్టి, ఆ ముద్దను ఎండబెట్టి, మూత ఉన్న డబ్బాలో దాచి, ప్రమాదకర వ్యర్థాలను తీసుకునేవారికి అప్పగించండి. చేతికి రబ్బరు తొడుగులు, కంటికి అద్దాలు తప్పనిసరి.

పాతసారె మళ్లీ రాసినది:

పూతకుండ గారూ, మీ దిద్దుబాటును తలవంచి స్వీకరిస్తున్నాను. తక్కువ వేడి పాత్రను నేను నా జవాబులో వదిలేయడం పొరపాటే. పుదుచ్చేరిలో 1971 నుంచి నడుస్తున్న గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ కావచ్చును, జపాన్‌లో లీచ్‌నూ హమదానూ కలిసి వచ్చిన గురుచరణ్ సింగ్ గారు 1952లో పెట్టిన ఢిల్లీ బ్లూ పాటరీ కావచ్చును, మా తరానికి దారి చూపినవన్నీ ఎక్కువ వేడివైపే నడిపించాయి. అందువల్ల ఇంటి పక్కనున్న ఆవం ముందు మేము తగినంతసేపు కూర్చోలేదు.

అమ్మా, సొంతంగా ప్రెస్సు కొనే స్తోమత వచ్చేదాకా ఆగనక్కరలేదు. చెన్నైలోని లలిత కళా అకాడమీ ప్రాంతీయ కేంద్రంలో గ్రాఫిక్స్‌కూ (అచ్చుచిత్రాలకూ) సిరామిక్స్‌కూ (మట్టి పనికీ) స్టూడియోలున్నాయి. భోపాల్‌లో 1982లో మొదలైన భారత్ భవన్‌లో కూడా ఈ రెండు పనులూ ఒకే ఆవరణలో జరుగుతాయి. ఏడాదిలో ఒకటి రెండు నెలలు అటువంటి చోట రేకుపని చేసుకుని, మిగతా కాలం ఇంట్లో లినోకట్, వుడ్‌కట్ చేయవచ్చును. వాటికి ప్రెస్సు లేకపోయినా గరిటె వెనుక భాగంతో రుద్ది అచ్చుతీయవచ్చునని మీకు తెలిసినదే. ఆ చెక్క అచ్చులో అరిగిపోయిన చోటు ఖాళీగా వచ్చిందన్నారు. దాన్ని నింపకండి, అలాగే 25 ప్రతులు వేయండి. మీ తాతగారి చేయి తగిలి తగిలి పడిన గుర్తు అదొక్కటే.

మా బట్టీ తరువాతి కాల్పు సంక్రాంతి వెళ్లిన వారంలో ఉంటుంది. మీ పెరటి మట్టి ఒక బకెట్టు జల్లించి, ఇంకొక బకెట్టు జల్లించకుండా తీసుకురండి. జల్లించినదాన్ని నా స్టోన్‌వేర్ కప్పుల మీద 3 మందాల్లో పూసి మధ్య అరలో పెడదాము. జల్లించనిదానితో మీ తాతగారు మూకుళ్లు చేసి ఇస్తే, అవి బట్టీలోకి వద్దు; పెరట్లో ఊక, కొబ్బరిడొక్కలు వేసి విడిగా కాల్చి, సున్నపు పెచ్చులు ఊడకుండా మైలుతుత్తం గారు చెప్పినట్లు చల్లారగానే నీటిలో ముంచుదాము. పూతకుండ గారు కూడా రాగలిగితే ఆ ఆవం పేర్చడం వారి చేతి మీదుగా జరిగితే బాగుంటుంది, నాకు అది సరిగ్గా రాదు.